గోదావరిఖనిల బట్టల దుకాణం: పెంచాల్నా, ఆపాల్నా?

బట్టల_దుకాణం_ఖని

అందరికి నమస్తే. నాకు 43 ఏండ్లు. గోదావరిఖని లక్ష్మీనగర్‌ల మాకు బట్టల దుకాణం ఉన్నది. రెండు షట్టర్లు, పనికి ఇద్దరు, కౌంటర్ల నేను, నేను లేకుంటె మా ఇంటామె. పక్క షట్టరు ఖాళీ అయితాంది, నువ్వే తీసుకోరాదు అని ఓనరు అడుగుతాండు. అడ్వాన్సు, రాకులు, సరుకు అన్ని కలిపి పన్నెండు లక్షల లెక్క. నా దగ్గర నాలుగు లక్షలు ఉన్నయి. మిగిలింది అప్పు తేవాలె. తేవాల్నా వద్దా అని అడుగుదామని మొదలువెట్టిన గని, నాకు అసలు తెలుసుకోవాలని ఉన్నది వేరే. మా ఊర్ల బొగ్గు జీతం మీద ఆధారపడని యాపారం ఒక్కటన్న నడుస్తదా? నడిపినోళ్లు ఎవరన్న ఉన్నరా?

కొంచెం పొడుగైతది, ఓపికగ చదవుండ్రి.

మా బాపు 1979ల హుజూరాబాద్ దిక్కు నుంచి సైకిల్ మీద బట్టల మూట కట్టుకొని ఇటు వచ్చిండు. అప్పుడు ఖనిల ఎటు చూసిన బాయిలే. (మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటరు.) కాలనీ కాలనీ తిరిగి లుంగీలు, తువ్వాలలు, చీరెలు ఖాతాకు ఇచ్చేది. పేమెంటు నాడు బాయి గేటు కాడ నిలబడి వసూలు చేసేది. చదివింది నాలుగో తరగతి, కాని ఖాతా పుస్తకం రాసుడు చూస్తె పట్వారి రాసిండా అనిపిస్తది. అండ్ల మనిషి పేరు మొదలు ఉండది. మొదలు బాయి నెంబరు. దాని కింద బాయిల ఏం పని, కోల్ ఫిల్లరా, సపోర్ట్‌మనా, ఏ షిఫ్టు, జమానతు ఎవరు. ఆ కింద పేరు. ఒక్కొక్క బాయికి ఒక్కొక్క రంగు దారం కట్టి పేజీలు వేరు చేసేది. 2ఏ బాయికి ఎర్ర దారం, 5వ ఇంక్లైన్‌కు (ఏటవాలుగ లోపలికి దిగే బాయి) పచ్చది, 10ఏకు పసుపుది.

1994 నాటి పుస్తకం బీరువాల ఉంటె మొన్న తీసి చూసిన. దారాలు లెక్కవెడితె పద్నాలుగు ఉన్నయి. ఇప్పటి నా పుస్తకంల అండర్‌గ్రౌండ్ బాయిలకు మూడే దారాలు. 5వ ఇంక్లైన్ ఉన్న తావుల ఇప్పుడు ఓసీపీ-5 (పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు గని) గుంత ఉన్నది. ఆ పచ్చ దారం పేజీలల్ల ఉన్నోళ్లు కొందరు శ్రీరాంపూర్, భూపాలపల్లి బదిలీ అయి పోయిండ్రు. మస్తు మంది రిటైరయిండ్రు, పైసలు రాంగనే కరీంనగర్‌ల ఇండ్లు కట్టుకున్నరు. ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ పండుగకు వస్తరు, బాపు ఫోటోకు దండం పెట్టి, కట్ పీసు ఒకటి కొనుక్కొని పోతరు.

1990 ప్రాంతంల సింగరేణి మొత్తంల లక్షా పదహారు వేల మంది పర్మినెంటు కార్మికులు. ఇప్పుడు నలభై వేల చిల్లర. బొగ్గు తగ్గిందా అంటె తగ్గలే. అప్పుడు ఏడాదికి రెండు కోట్ల టన్నులు దాటకపోయేది, 2023-24ల ఏడు కోట్లు దాటింది. ఓపెన్ కాస్టులు వచ్చినయి, తట్ట, చెమ్మసు పట్టి చేతులతోటి ఎత్తుడు పోయి షావెల్లు, డంపర్లు వచ్చినయి. నా దుకాణానికి బొగ్గుతోటి పని లేదు. నాకు పని జీతం చిట్టీతోటి. చిట్టీలు తగ్గినయి, ఉన్న చిట్టీ మాత్రం పెద్దగయింది. అందుకే ఇన్నేండ్లు నాకు నొప్పి తెల్వలే. ముగ్గురు కొనేటి కాడ ఒక్కడే మూడు కొన్నడు.

నా ఏడాది ఎట్ల నడుస్తదో చెప్త. దసరా ముందట లాభాల వాటా ప్రకటిస్తరు. 2024ల 33 శాతం, 796 కోట్లు, మనిషికి సగటున లక్షా తొంభై వేలు. దీపావళికి ఇంకో 93,750 బోనస్. ఈ అయిదారు వారాలల్లనే నా ఏడాది అమ్మకంల సగం అయితది. ఆ సరుకు నేను జూలైల తేవాలె, సూరత్ పార్టీకి రాసియ్యాలె. శాతం ఎంతో, ఏ తారీఖు పడతయో జూలైల ఎవరికి తెల్వది. ప్రకటన వారం రోజులు లేటయితె నాకు రాత్రి నిద్ర రాదు. మా వీధిల చెప్పుల దుకాణపాయన, ఫ్రిజ్జులు అమ్మేటాయన, స్వీట్ హౌజాయన అందరం ఒకటే తారీఖు కోసం చూస్తం. మేము బాయిల దిగలే, మాకు మస్టరు (హాజరు) లేదు, మా పేర్లు ఏ రిజిస్టర్ల లేవు. అయినా మాది కూడ ఆ పేమెంటే.

ఇగ చిట్టీ గురించి. పోయిన నెల లోను కోసం ఒక బ్యాంకుకు పోయిన. జీఎస్టీ కాయిదాలు, మూడేండ్ల రిటర్నులు అన్ని పెట్టిన. మేనేజరు మంచోడే, చాయ్ తాగిచ్చిండు. అన్ని చూసి, "జమానతుకు సింగరేణి ఎంప్లాయి ఎవరన్న ఉన్నరా?" అని అడిగిండు. ఇరవై ఏండ్ల సంది దుకాణం నడిపేటోన్ని నేను. ఉద్యోగంల చేరి ఆరు నెలలైన పిలగాడు పక్కన కూసుంటె నా లోను పాసయితదట. ఇల్లు తాకట్టు పెడుదామంటె మాది సింగరేణి జాగల కట్టిన ఇల్లు. జీవో 76 కింద పట్టా చేతికి వచ్చినోళ్లకు దారి ఉన్నది, నాకింక రాలే.

బ్యాంకును ఒక్కదాన్నే అనుడు ఎందుకు. ఇల్లు కిరాయికి ఇయ్యాలన్నా, చీటీల చేర్చుకోవాలన్నా, పిల్లనియ్యాలన్నా మా ఊరు అడిగేది చిట్టీనే. మా బావమరిది డిప్లొమా చదివిండు. హైదరాబాద్ చర్లపల్లిల ఒక ఫ్యాక్టరీల పని దొరికితె ఏడాది చేసి వాపస్ వచ్చిండు. మా మామ మెడికల్ అన్‌ఫిట్ అయితె కారుణ్య నియామకం కింద ఉద్యోగం వస్తదని. వయసు హద్దు 35 ఉండేది, దాన్ని 40 చేసిండ్రు. మా ఇంట్ల అందరు సంబురపడ్డరు, నేను కూడ. రాత్రి పండుకున్నంక అనిపించింది, పిలగాడు ఇంక అయిదేండ్లు ఎదురు చూస్తడన్నట్టు. ఇప్పుడు 34 ఆనికి. చేతుల పని ఉన్నది, లేత్ మిషను మీద కూసుంటె చూడబుద్ధయితది. ఇంటి ముందు చిన్న వర్క్‌షాపు పెట్టుకో అని మూడుసార్లు చెప్పిన. "పెట్టినంక ఉద్యోగం వస్తె మిషను ఏం చేసుకోవాలె బావా?" అంటడు. ఎదురుచూపు కూడ మా ఊర్ల ఒక పని లెక్క అయిపోయింది, వేల ఇండ్లల్ల ఉన్నరు ఇసొంటోళ్లు.

కంపెనీని తిడుతున్న అనుకోవద్దు. మా తిండి అదే. 2011 సకలజనుల సమ్మెల 35 రోజులు బొగ్గు పెళ్ల లేవలే. నడుమల దసరా వచ్చింది. జీతాల్లేవు. బాపు అప్పుడు బతికే ఉండె. దుకాణం తెరిచి, ఎవరు వచ్చిన పిల్లలకు బట్టలియ్యి, మూడు నెలల దాక అడగకు అని నాకు చెప్పిండు. ఇచ్చినం. సమ్మె అయినంక రెండు నెలల్ల పైసా పోకుంట వచ్చినయి. ఆ నమ్మకం ఈ ఊరిది, నేను ఎక్కడికి పోయిన నాకు దొరకది. కరీంనగర్ పోయి దుకాణం పెట్టుకో అనేటోళ్లకు అందుకే జవాబు చెప్పలేకపోతున్న.

భయం కూడ పాతదే. 1999ల రామగుండం ఎఫ్‌సీఐ ఎరువుల కార్ఖాన మూసినప్పుడు నేను ఇంటర్. ఆ టౌన్‌షిప్పుల క్వార్టర్లు ఒకటెన్క ఒకటి ఖాళీ అయినయి. అటు దిక్కు బాపుకు రావాల్సిన ఖాతా నలభై ఒక్క వేలు, అప్పట్ల అది మాకు పెద్ద పైకం, సగం కూడ రాలే. మళ్ల అదే జాగల ఆర్‌ఎఫ్‌సీఎల్ అనే కొత్త కంపెనీ యూరియా తీసుడు 2021ల మొదలయింది. నడుమ ఇరవై రెండేండ్లు. దుకాణదారు ఇరవై రెండేండ్లు ఆగుతడా?

ఇప్పుడు కంపెనీ ఒడిశాల నైనీ బ్లాకుల బొగ్గు తీస్తాంది, 2025 సంది. మంచిదే, కంపెనీ బతకాలె. కాని కంపెనీ ఒడిశా పోగలదు, మంచిర్యాల జిల్లా జైపూర్‌ల కరెంటు తీయగలదు, సోలార్ పెట్టగలదు. లక్ష్మీనగర్ ఎక్కడికి పోతది?

చెప్పుండ్రి, షట్టరు తీసుకోవాల్నా? లేకుంటె ఆ పైసలతోటి ఇంకేమన్న చేసేదుంటదా?

ఇల్లెందు_మాస్టారు

మీ పోస్టు చదివాక మా ఇల్లెందు గురించి రాయకుండా ఉండలేకపోయాను. 1871లో డాక్టర్ కింగ్ బొగ్గు కనిపెట్టింది మా ఊరి దగ్గరే. ఇప్పటికీ ఆ పొరను కింగ్ సీమ్ అనే అంటారు. మా ఊరికి బొగ్గుట్ట అని పేరు. పక్కనున్న సింగరేణి ఊరి పేరే కంపెనీకి వచ్చింది. అంటే మీ ఖని ఇప్పుడున్న చోట మేం మీకంటే చాలా ముందు నిలబడ్డాం. మా తాత, నాన్న ఇద్దరూ బాయి పని చేశారు. నేను టీచరుగా చేసి రిటైరయ్యాను.

అండర్‌గ్రౌండ్ గనులు మూతపడుతూ వచ్చినప్పుడు ఊరు ఒక్కరోజులో పడిపోలేదండీ. మొదట తగ్గింది టీ హోటళ్ళ టైము. నా చిన్నతనంలో మూడు షిఫ్టులకూ హోటళ్ళు తెరిచి ఉండేవి. తెల్లవారుజామున నాలుగింటికి పూరీ దొరికేది. మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళు డబ్బాలో కట్టించుకునేవారు. ముందు రాత్రి షిఫ్టు హోటల్ మూశారు. రెండేళ్ళకు తెల్లవారుజాముది ఆరింటికి మారింది. ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఊరు తగ్గుతోందని మాకు అర్థమయ్యేసరికి హైస్కూల్లో ఒక సెక్షను ఎత్తేశారు. అప్పుడు నేనే అటెండెన్సు రిజిస్టరు రాసేవాణ్ణి. టీసీలు అడిగే తండ్రులంతా కొత్తగూడెం, మణుగూరు పేర్లు చెప్పేవారు.

మా బజారులో ఎదురెదురుగా రెండు బట్టల కొట్లు ఉండేవి. ఒకాయన మీలాగే బోనసుల మీద నడిపాడు, పట్టుచీరలు, సూటింగులు. మంచి వ్యాపారి. ఖమ్మం వెళ్ళిపోయాడు. రెండో ఆయనది బట్టల కొట్టు అని పేరే గానీ, చుట్టుపక్కల తండాలకు, కోయ గూడేలకు ముతక దుప్పట్లు, టార్పాలిన్లు, గోనె సంచులు, మోకులు కూడా అమ్మేవాడు. బజారు నాగరికులు ఆ కొట్లోకి వెళ్ళేవారు కాదు. ఆయన కొడుకు ఇప్పటికీ అక్కడే నడుపుతున్నాడు. మిర్చి, పత్తి డబ్బు చేతికొచ్చే రోజులే అతని దసరా.

అయితే ఒకటి దాచకుండా చెప్పాలి. 2021-22లో మా వైపు మిర్చికి తామర పురుగు పట్టింది. తోటలకు తోటలు పీకేశారు. ఆ ఏడు అతని ఖాతా పుస్తకమూ మునిగింది. అతన్ని నిలబెట్టింది ఆ ఏడు ఓపెన్ కాస్టులో పనిచేసేవాళ్ళు కొన్న సరుకు. కాబట్టి బొగ్గు వదిలేసి రైతును పట్టుకోండి అని నేను చెప్పను. మీ పుస్తకంలో ఒకేరోజు ఎండిపోని రెండు చెరువులున్నాయా అని చూసుకోండి. పెద్దపల్లి, సుల్తానాబాద్ దిక్కు రైస్ మిల్లులున్నాయి, మంథని వైపు వరి ఉంది. వాళ్ళు మీ కొట్టుకు ఎందుకు రావడం లేదో కనుక్కున్నారా?

బట్టల_దుకాణం_ఖని

మాస్టారూ, టీ హోటలు మాట చదివి బయటికి పోయి చూసిన. మా చౌరస్తాల పొద్దుగాల నాలుగింటికి తెరిచేది ఒకప్పుడు అయిదారు ఉండె. ఇప్పుడు ఒక్కటే. నేను రోజు అటే పోతున్న, ఇన్నేండ్లు నాకు కనవడలే.

మంథనోళ్లు ఎందుకు రారంటె, నా దగ్గర వాళ్లకు కావాల్సింది లేదు. నేను తెచ్చేదే బోనస్ సరుకు.

కాగజ్‌నగర్_టైలర్

అన్నా, మాది కాగజ్‌నగర్. నేను లేడీస్ టైలర్‌ను. మా ఊరికి పేరే కాయితం మిల్లుతోటి వచ్చింది. 2014 సెప్టెంబర్‌ల మిల్లు బందయింది, 2018ల తెరిచిండ్రు. నడుమ నాలుగేండ్లు ఎట్లుండెనో నాకు రోజు రోజు యాదికున్నది.

నువ్వు నమ్మవు, మొదటి ఏడు నాకు పని పెరిగింది. కొత్తయి కొననోళ్లు పాతయి తెచ్చి కుట్లు ఇప్పించుకున్నరు, ఒదులు చేయించుకున్నరు. అక్క బట్టలు చెల్లెకు తగ్గిచ్చి కుట్టిన. నాకేం కాదు అనుకున్న. రెండో ఏడు సూది కింద బట్ట లేదు. ప్రైవేటు బడుల నుంచి పిల్లలను తీసి సర్కారు బడుల వేసిండ్రు, జూన్‌ల నాకు వచ్చే యూనిఫారాల పని మొత్తం పోయింది.

కాని నన్ను ముంచింది అది కాదు, చీటీ. మా చీటీల ఇరవై మంది. అండ్ల పదిహేడు మంది మిల్లు ఇండ్లోళ్లే. మిల్లు నడిచినన్ని రోజులు అంత పక్కా చీటీ ఊర్ల ఇంకోటి లేకుండె. ఆగినప్పుడు అందరికి ఒక్కటే నెల ఆగింది. పాడినోళ్లు కట్టలేకపోయిండ్రు, పాడనోళ్లకు ఇచ్చేందుకు పైసలు లేవు. ఎవల్ని ఏమంటం, అందరు ఇరుగుపొరుగే. నా లక్షా ఇరవై వేలు అండ్లనే పోయినయి. నువ్వు షట్టరు సంగతి తర్వాత చూడు. ముందుగాల నీ పైసలు ఎవరెవరి దగ్గర ఉన్నయో ఒక కాయితం మీద రాయి. సూరత్‌కు ఇయ్యాల్సింది, చీటీల కట్టింది, ఖాతాల ఉన్నది. అన్నిట్ల ఒక్కటే కంపెనీ పేరు వస్తె అప్పు తేకు.

సీహెచ్‌పీ_కాంట్రాక్టు

అన్నా, నీ పోస్టు రెండు సార్లు చదివిన. మంచిగ రాసినవు. కాని అండ్ల నేను లేను.

నేను సీహెచ్‌పీల (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు, బొగ్గును బెల్టుల మీద పంపే జాగ) కాంట్రాక్టు పని చేస్త, ఎనిమిదేండ్ల సంది. బెల్టు కింద జారిపడ్డ బొగ్గును పారతోటి ఎత్తి మళ్ల బెల్టు మీద వేసుడు. వానకాలం ఆ బొగ్గు బురదై మోకాళ్ల దాక వస్తది. నువ్వు నలభై వేల మంది అని లెక్క రాసినవు. మేము పాతిక వేల మంది ఉన్నం. అదే బొగ్గు, అదే దుమ్ము, అదే ఊరు. 2022 సెప్టెంబర్‌ల సమ్మె చేస్తె ఖని చౌరస్తాల రోజు కూసున్నం, నీ దుకాణం ముందటి నుంచే పోయి ఉంటం. 2024ల మొదటిసారి మాకు కూడ లాభాల్ల 5,000 ఇచ్చిండ్రు. 2025ల 5,500. పర్మినెంటాయనది ఎంతో నువ్వే రాసినవు.

పోయిన దసరాకు లక్ష్మీనగర్‌లనే ఒక దుకాణానికి పోయిన. నీదో కాదో నాకు తెల్వది, నీదని అంటలే. మా పాపకు ఆరేండ్లు, పట్టులంగ కావాలన్నది. 1,850. నా దగ్గర వెయ్యున్నయి. మిగతయి వచ్చే నెల ఇస్త అన్న. "ఏ బాయి అన్నా?" అని అడిగిండ్రు. సీహెచ్‌పీ, కాంట్రాక్టు అన్న. ఆ కౌంటర్ల మనిషి ఏం అనలే, మర్యాదగనే లంగను మడత వెట్టి మళ్ల రాకుల వెట్టిండు. పాప చూస్తనే ఉన్నది.

ఫోన్ల వాయిదాల మీద తెప్పిచ్చిన. అండ్ల ఏ బాయి అని అడగరు. మా లైన్ల ఉన్నోళ్లందరం ఇప్పుడు అట్లనే కొంటున్నం, లేకుంటె పండుగకు మంచిర్యాల పోతున్నం. నువ్వు చిట్టీలు తగ్గినయి, గిరాకి తగ్గింది అంటవు. మనుషులు తగ్గలే అన్నా. నీ పుస్తకంల మాకు పేజీ లేదు, గంతే.

మేము ఎగ్గొడతం అని అనుకుంటరు. కాంట్రాక్టరు మారితె పని పోవచ్చు, ఒక నెల జీతం లేటు కావచ్చు, అది నిజమే. కాని మేము బదిలీ మీద భూపాలపల్లి పోము, రిటైరై కరీంనగర్‌ల ఇల్లు కట్టుకోము. మా ఇండ్లు ఈన్నే.

సిరిసిల్ల_మరమగ్గం

ఖని అన్నకు నమస్తే. నాకు ఎనిమిది మరమగ్గాలు ఉన్నయి. సూరత్ మాట రాసినవు కాబట్టి మా కథ కూడ చిన్నగ చెప్త. 2017ల బతుకమ్మ చీరెల సర్కారు ఆర్డరు వచ్చింది. అంతకు ముందు నేను లంగ బట్ట నేసి ఆరుగురు సేట్లకు పోసేది. పెద్ద ఆర్డరు, ఒక్కటే పార్టీ, మగ్గాలన్ని చీరెలకే తిప్పిన. నలుగురు కార్మికులకు ఏడాదిల ఆరు నెలలు కూలి ఖాయం. మంచిగ బతికినం, అబద్ధం చెప్పను. 2024ల ఆ ఆర్డరు రాలే. పాత సేట్లకు ఫోన్ కొట్టిన. ఆరుగురిల ఇద్దరు ఎత్తిండ్రు. ఒకాయన పేరు చెప్తె గుర్తువట్టలే, "ఏ ఊరు?" అన్నడు. ఇప్పుడు మళ్ల ఇందిరా మహిళా శక్తి చీరెల ఆర్డర్ నడుస్తాంది. ఈసారి ఆరు మగ్గాలే దానికి పెట్టిన, రెండు లంగ బట్టకు ఆపిన. రెండిట్ల ఇప్పటికి పెద్దగ మిగిలేది లేదు, కరెంటు బిల్లుకు సరిపోతది. అయినా ఆపుత లేను. కనీసం ఇద్దరు సేట్ల నంబర్లు నా ఫోన్ల పైన ఉన్నయి.

ముతక రకం, రోజు కట్టే రకం కావాలంటె చెప్పు అన్నా, మా దగ్గర తక్కువ పైసల్ల దొరుకుతది. మంథని సంతకు అదే పోతది.

బట్టల_దుకాణం_ఖని

నాలుగు రోజులు రాయలే, మాఫీ చెయ్యుండ్రి.

కాగజ్‌నగర్ చెల్లె చెప్పినట్టు కాయితం మీద రాసిన. నేను రెండు చీటీల ఉన్న. ఒకదాంట్ల ఇరవై మందికి పదహారు మంది సింగరేణి, ఇంకోదాంట్ల ఇరవై అయిదుకు పందొమ్మిది. ఖాతాల ఉన్న బాకీ మూడు లక్షల తొంభై వేలు, అన్ని బాయి నెంబర్లే. లోనుకు జమానతు పెడుదామనుకున్న పిలగాడు కూడ అదే కంపెనీ. కాయితం మా ఇంటామెకు చూపిచ్చిన. ఆమె చాలాసేపు చూసింది. లోపలికి పోయి, కౌంటరు సొరుగుల అడుగున పెట్టిన ఒక పిల్లల నోట్‌బుక్కు తెచ్చి నా ముందట పెట్టింది.

నాకు తెల్వకుంట మూడేండ్ల సంది ఆమె ఖాతా ఇస్తాంది. నేను దుకాణంల లేని టైంల వచ్చినోళ్లకు. మునిసిపాలిటీల ఊడ్చేటోళ్లు, దావఖానల ఆయాలు, ఇండ్లల్ల పనిచేసేటోళ్లు, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టోళ్ల భార్యలు. మొత్తం ముప్పై ఒక్క మంది. ఒక్కొక్కరికి ఆరేడు వందల నుంచి రెండు వేల దాక. ఎందుకు చెప్పలే అని అడిగిన. "చెప్తె ఏ బాయి అని అడుగుతవు" అన్నది.

కూసొని లెక్క చేసినం. ఈ మూడేండ్లల్ల ఆమె పుస్తకంల ఇయ్యనోళ్లు ఇద్దరు. అండ్ల ఒకామె చనిపోయింది. నా పుస్తకంల అదే మూడేండ్లల్ల తొమ్మిది మంది, అందరు చిట్టీ ఉన్నోళ్లే. ఆన్‌లైన్ బెట్టింగులల్ల మునిగినోళ్లు, ఆరు లోన్లు తీసి చేతికి జీతం రానోళ్లు. ఈ తొమ్మిది మందికి ఇచ్చినప్పుడు నేను జమానతు కూడ అడగలే.

ఓనరుకు షట్టరు వద్దని నిన్న చెప్పిన. అప్పు తెస్త లేను. ఉన్న నాలుగు లక్షల్ల లక్షన్నరతోటి సిరిసిల్ల సరుకు తెస్త, ముతక రకం, రోజు కట్టేది. మంథని సంతల ఒక బల్ల వేసి చూస్త, నడుస్తదో నడువదో వానకాలం పంట వచ్చినంక రాస్త. ఈ దసరాకు సూరత్ ఆర్డర్ మూడోవంతు తగ్గిచ్చిన. బొగ్గు పైసలు వద్దని కాదు, నా ఏడాది మొత్తం దాని మీద పెట్టొద్దని. బావమరిదితోటి మళ్ల మాట్లాడిన. ఉద్యోగం వస్తె మిషను నేను కొంట అని కాయితం మీద రాసిస్త అన్న. ఆలోచిస్త అన్నడు. ఇంతకు ముందు ఆ మాట కూడ అనకపోయేది.

సీహెచ్‌పీ తమ్మీ, లంగను రాకుల వెట్టింది నేనే కావచ్చు. నాకు యాదికి లేదు. యాదికి లేకపోవుడే నన్ను ఈ నాలుగు రోజులు తిన్నది, ఎందుకంటె అట్ల ఎందరికి చేసిననో.

రేపటి సంది రెండు పుస్తకాలు ఒక్కటి చేస్తున్నం. కొత్త పుస్తకం మా ఇంటామె రాస్తది, ఆమె రాసిన తీరుననే. ఆమె పేజీల మీద బాయి నెంబరు ఉండది. ఎవరి పిల్లకు ఏం కొన్నరో ఉంటది. "రెండో పాపకు గౌను", "కొడుకు పెండ్లి పంచె", "అమ్మకు నేత చీరె". ఎవరు ఏది బాకీ ఉన్నరో ఆమెకు దానితోనే యాదికుంటదట.

లక్ష్మీనగర్ కూరగాయల మార్కెట్ దాటినంక ఎడమ చేతికి మూడో దుకాణం, నీలి బోర్డు. పాపను తీసుకొని రా, కొలత చూడాలె. ఆరేండ్లది ఇప్పటికి ఏడు అయి ఉంటది, పోయిన ఏటి సైజు సరిపోది.